బంకులో పెట్రోల్ కొట్టించేటప్పుడు: జీరో చూడటం నుంచి ఫిర్యాదు దాకా

“ఐదొందలు కొట్టించాను, పెట్రోల్ ముల్లు సరిగ్గా లేవనే లేదు. మోసం చేసినట్టేనా?” ఈ ప్రశ్న రకరకాలుగా వస్తూనే ఉంటుంది. మైలేజీ పడిపోయిందని ఒకరు, ట్యాంకు కెపాసిటీ కంటే ఎక్కువ పట్టిందని ఇంకొకరు, యూపీఐలో డబ్బు కట్ అయినా బంకులో రాలేదంటున్నారని మరొకరు. విడివిడిగా చెప్పే బదులు వరసగా రాస్తున్నాను. బండి తీసేముందు ఒకసారి చదువుకుంటే చాలు.

ముందే ఒక మాట. ముల్లు, మైలేజీ, పక్కింటాయన అనుభవం, ఈ మూడూ బంకులో వాదనకు పనికిరావు. పనికొచ్చేది బంకులోనే ఉంటుంది: తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలత క్యాను. అది తెచ్చి కొలిచి చూపించమని అడిగే హక్కు మీకుంది. దానికి పైసా కట్టక్కర్లేదు. చాలామంది అరగంట అరుస్తారు కానీ ఈ క్యాను మాత్రం అడగరు.

దగ్గర ఉండాల్సినవి

- ఆ రోజు మీ ఊళ్లో లీటరు రేటు. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా రేట్లు రోజూ ఉదయం 6 గంటలకు సవరించే పద్ధతి ఉంది. నెలల తరబడి మారకపోవచ్చు గానీ, బంకు బోర్డు మీద ఆ రోజు రేటు ఉండాలి.
- బండి మాన్యువల్ లేదా ట్యాంకు మూత లోపలి స్టిక్కర్. ఏ ఇంధనం వాడాలో, పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ (ఒక రకం ఆల్కహాల్) ఎంతవరకు పడుతుందో అక్కడ ఉంటుంది.
- కొంత చిల్లర. యూపీఐ ఆగిపోయిన రోజు వంద నోట్లు నాలుగుంటే టెన్షన్ ఉండదు.
- బిల్లు దాచుకునే అలవాటు. కాగితం వద్దనుకుంటే ఫోటో తీసి పెట్టుకోండి. బంకు బిల్లు మీద అక్షరాలు కొద్ది వారాలకే వెలిసిపోతాయి, కాబట్టి ఫోటోనే నయం.

1. లోపలికి వెళ్లకముందే ఒక చూపు చూడండి

బంకు ఆవరణలో ట్యాంకర్ నిలబడి భూమిలోని ట్యాంకుల్లోకి పెట్రోల్ దించుతుంటే, వీలైతే ఆ పూటకి ఇంకో బంకు చూసుకోండి. దించేటప్పుడు అడుగున ఉన్న మురికి, నీరు ఏమైనా ఉంటే కదులుతుంది. కాసేపు ఆగితే మళ్లీ కిందికి చేరుతుంది. రిజర్వ్‌లో పడి వేరే దారి లేకపోతే కొద్దిగా మాత్రమే కొట్టించుకుని కదలండి.

భారీ వర్షాలు పడి బంకు ముందు మోకాలి లోతు నీళ్లు నిలిచిన ఊళ్లలో ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం. నీళ్ల సంగతి 9వ దశలో చెబుతాను.

2. ఏది, ఎంత, ఎలా కడతారో గన్ ఎత్తకముందే చెప్పండి

“నార్మల్ పెట్రోల్, మూడొందలు, యూపీఐ.” ఇంతే. ఈ మూడు మాటల్లో ఏది మింగేసినా గొడవ అక్కడే మొదలవుతుంది.

“నార్మల్” ఎందుకంటే, కొన్ని బంకుల్లో ప్రీమియం పెట్రోల్ గన్ పక్కనే ఉంటుంది. అడక్కుండానే అదే కొట్టి, తర్వాత “మీరు చెప్పలేదుగా సార్” అంటారు. మాన్యువల్‌లో అది వాడమని లేకపోతే ఎక్కువ డబ్బు పెట్టాల్సిన పని లేదు. ఇష్టపడి వాడేవాళ్లు వాడుకోండి, నేను వాడను.

డీజిల్ కారున్నవాళ్లు ఇంకో మాట గట్టిగా చెప్పాలి: “డీజిల్.” మామూలుగా డీజిల్ గన్ మూతి లావుగా ఉంటుంది, పెట్రోల్ కారు ట్యాంకు నోట్లో తేలిగ్గా దూరదు. పెట్రోల్ గన్ సన్నం, డీజిల్ కార్లో హాయిగా దూరిపోతుంది. అందుకే తప్పు ఎక్కువగా జరిగేది డీజిల్ కార్లకే. ఒకే మోడల్ రెండు రకాల్లోనూ వస్తుంది కాబట్టి కారును చూసి కుర్రాడు ఊహించలేడు. మూత మీద “డీజిల్” అని స్టిక్కర్ లేకపోతే ఇవాళే అంటించండి.

*హెచ్చరిక:* తప్పు ఇంధనం పడిందని తెలిస్తే తాళం తిప్పొద్దు. ఇంజిన్ కాదు కదా, ఇగ్నిషన్ కూడా ఆన్ చేయొద్దు. చాలా కార్లలో తాళం తిప్పగానే పంపు పనిచేసి తప్పు ఇంధనాన్ని లోపలికి లాగేస్తుంది. డీజిల్ పంపుకు డీజిలే నూనెలా పనిచేస్తుంది, పెట్రోల్ పడితే లోపలి భాగాలు అరిగిపోతాయి. బండిని న్యూట్రల్‌లో పక్కకు నెట్టించి, అక్కడే మెకానిక్‌ను పిలిచి ట్యాంకు ఖాళీ చేయించండి. స్టార్ట్ చేయకముందు తెలిస్తే ఖర్చు ట్యాంకు కడగడంతో పోతుంది. స్టార్ట్ చేశాక తెలిస్తే ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల దాకా పోవచ్చు.

3. జీరో చూడండి, అక్కడే నిలబడండి

“జీరో చూసుకోండి సార్” అని వాళ్లే అంటారు. అన్నప్పుడు నిజంగా చూడండి. మీటరు మీద మూడు వరసలుంటాయి: మొత్తం రూపాయలు, లీటర్లు, లీటరు రేటు. పై రెండూ సున్నా ఉండాలి, మూడోది బోర్డు మీది రేటే ఉండాలి. ముగ్గురిలో ఇద్దరు రూపాయల వరసే చూస్తారు. లీటర్ల వరస కూడా చూడండి, చివర్లో లెక్క తేల్చేది అదే.

కారులో ఉంటే దిగండి. అద్దం దించి మెడ చాపి చూస్తే మీటరు సగమే కనిపిస్తుంది. బైకు అయితే మీటరు మీ వీపు వెనక పడకుండా బండి ఆపండి.

సరిగ్గా ఈ సమయంలోనే ఇంకొకతను వచ్చి “సార్, ఇంజిన్ ఆయిల్ ఆఫర్ ఉంది”, “కార్డా, క్యాషా?”, “టైర్లో గాలి తగ్గింది చూడండి” అంటాడు. చాలాసార్లు అది మామూలు అమ్మకం మాటే. అయినా తల తిప్పకుండా “కొట్టాక మాట్లాడుకుందాం తమ్ముడూ” అనండి.

సంఖ్య సున్నా నుంచి ఒక్కసారిగా పది, పన్నెండు రూపాయలకు దూకితే ఆపమని అడగండి. అదొక్కటే మోసానికి రుజువు కాదు, ఐదు లీటర్ల పరీక్ష అడగడానికి మాత్రం మంచి కారణం.

4. మధ్యలో ఆపితే ఏం చేయాలి

ఎక్కువ ఫిర్యాదులు వచ్చే చోటు ఇదే, కాస్త నెమ్మదిగా చదవండి.

మీరు ఐదొందలు అన్నారు. రెండొందల దగ్గర గన్ ఆగింది. “అయ్యో, రెండొందలు అనుకున్నా సార్, మిగతా మూడొందలు కొడతా” అంటాడు. మీరు తల ఊపుతారు. అతను మీటరు జీరో చేయకుండా 200 నుంచే మొదలుపెట్టి 300 దగ్గర ఆపేస్తాడు. “రెండొందలు, మూడొందలు, ఐదొందలు అయిపోయింది సార్.” మీ ట్యాంకులో పడింది మూడొందలదే.

దీనికి మందు రెండే. మధ్యలో ఆగితే ఆగిన చోటే లెక్క ముగించి, మళ్లీ జీరో చేయించి, అది మీ కళ్లతో చూసి మిగతాది కొట్టించండి. లేదంటే జీరో చేయకుండా మీటరు 500 చూపించేదాకా కొట్టించండి. రెండూ కలిపి నోటి లెక్క వేసే పద్ధతికి మాత్రం ఒప్పుకోవద్దు. రెండు ముక్కలుగా కొడితే బిల్లులు కూడా రెండు ఉండాలి. లీటర్లు కూడి చూడండి: లీటరు 107 రూపాయలనుకుంటే ఐదొందలకు దాదాపు 4.67 లీటర్లు రావాలి.

నిజంగానే తప్పు విన్నవాళ్లూ ఉంటారు. రోజంతా హారన్ల మధ్య నిలబడే ఉద్యోగం అది, సాయంత్రం లెక్కలో తేడా వస్తే చాలాచోట్ల వాళ్ల జీతంలోంచే కోస్తారు. కాబట్టి మొదటే “దొంగ” అనకండి. “జీరో చెయ్యి బాబూ” అంటే సరిపోతుంది.

అన్నట్టు, వందకు బదులు నూట పది, ఐదొందలకు బదులు ఐదొందల ఇరవై కొట్టిస్తే మోసం జరగదన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. మిషన్ లోపల తేడా చేసి ఉంటే అది ప్రతి మిల్లీలీటరులోనూ తగ్గిస్తుంది. మీ అంకె గుండ్రంగా ఉందా లేదా దానికి అనవసరం.

5. ట్యాంక్ ఫుల్ అంటే మొదటి క్లిక్ దాకానే

గన్ దానంతట అది “టక్” అని ఆగిందంటే అక్కడితో ఆపమనండి. “రౌండ్ ఫిగర్ చేస్తా సార్” అని మెడ దాకా నింపడం మంచిది కాదు. ఆవిరిని పట్టి ఉంచే డబ్బా ఒకటి కార్లలోనూ, ఇప్పటి బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బైకుల్లోనూ ఉంటుంది. పొంగేదాకా నింపితే పెట్రోల్ అందులోకి చేరి దాన్ని పాడుచేస్తుంది. ఎండలో నిలిపితే పెట్రోల్ వ్యాకోచించి కారుతుంది కూడా.

బైకుల దగ్గర గన్ పైపైనే పట్టుకుంటారు కాబట్టి ఆటో కట్ ప్రతిసారీ పనిచేయదు. కన్ను ట్యాంకు మీద ఉంచి మీరే ఆపమనాలి. గన్ ఆగిన వెంటనే లాగేయకుండా రెండు మూడు సెకన్లు అలాగే ఉంచమనండి, గొట్టం చివర మిగిలిన చుక్కలు కూడా మీ డబ్బువే.

ఇక్కడే ఇంకో అపోహ. “నా కారు ట్యాంకు 37 లీటర్లు, బిల్లులో 40 వచ్చింది, దొరికిపోయారు!” అంటారు. కంపెనీ చెప్పే కెపాసిటీకి పైన ఆవిరి కోసం వదిలిన ఖాళీ ఉంటుంది, నింపే గొట్టం కూడా ఉంటుంది. మెడ దాకా నింపితే రాసినదానికంటే ఎక్కువ పడుతుంది. ఒక్క ఈ కారణంతో ఫిర్యాదు చేస్తే నిలబడదు.

6. డబ్బు కట్టడం

ఫోన్ తీసి స్కాన్ చేసేది మిషన్ పక్కన కాదు, కాస్త దూరం జరిగి. నగదు అయితే నోటు ఇస్తూ పైకి అనండి: “ఐదొందల నోటు ఇస్తున్నా, మూడొందలు కొట్టారు.” “చిల్లర లేదు, ఇంకో ఇరవై కొట్టేస్తా” అంటే ఒప్పుకోవాలా వద్దా మీ ఇష్టం. ఇష్టం లేకపోతే యూపీఐలో కచ్చితమైన మొత్తం కట్టేయండి.

యూపీఐలో డబ్బు కట్ అయింది, బంకు స్పీకర్ మోగలేదు. అప్పుడు:

- వెంటనే రెండోసారి పంపకండి. యాప్‌లో లావాదేవీ స్థితి చూడండి: “సక్సెస్”, “పెండింగ్”, “ఫెయిల్డ్”, ఈ మూడింటిలో ఏది ఉంది?
- సక్సెస్ అయితే 12 అంకెల యూటీఆర్ నంబర్ (ఆ లావాదేవీ గుర్తింపు నంబర్) చూపించండి. మేనేజరు తన ఖాతాలో ఆ నంబర్‌తో వెతకగలడు. స్పీకర్ మోగకపోవడం, డబ్బు రాకపోవడం ఒకటి కావు. చాలాసార్లు నెట్ లేక స్పీకరే మూగబోతుంది.
- పెండింగ్ అయితే కాసేపు ఆగి చూడండి. తప్పనిసరైతే నగదు ఇచ్చి, “యూపీఐ తర్వాత వస్తే తిరిగి ఇస్తాం” అని బిల్లు వెనక రాయించుకుని సంతకం పెట్టించుకోండి.
- ఖాతాలో డబ్బు పోయి దుకాణానికి చేరకపోతే, లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లోపు అది దానంతట అదే వెనక్కి రావాలని రిజర్వ్ బ్యాంకు 2019లో నియమం పెట్టింది. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఇది మీ బ్యాంకును అడగాల్సిన విషయం, బంకు కుర్రాడితో తేలేది కాదు.

క్రెడిట్ కార్డు వాడితే స్టేట్‌మెంట్‌లో సర్‌ఛార్జి అని చిన్న మొత్తం కనిపిస్తుంది. చాలా కార్డులు దాన్ని మాఫీ చేస్తాయి, మీ కార్డు షరతులు చూసుకోండి.

7. తక్కువ కొట్టారని అనుమానమా? ఐదు లీటర్ల క్యాను అడగండి

ముందు ఎందుకో చెబుతాను. 2020 సెప్టెంబరులో సైబరాబాద్ పోలీసులు తూనికలు కొలతల శాఖతో కలిసి ఒక ముఠాను పట్టుకున్నారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ బంకుల్లో కొందరు యజమానులతో కుమ్మక్కై మిషన్లలో చిప్‌లు పెట్టారు. మీటరు 1000 మిల్లీలీటర్లు చూపిస్తే గన్‌లోంచి వచ్చేది 970 మాత్రమే. లీటరుకు 30 మిల్లీలీటర్లు. ఐదొందల పెట్రోల్‌లో దాదాపు 140 మిల్లీలీటర్లు, అంటే 15 రూపాయలు. ముల్లు చూసి ఇంత తేడా ఎవరూ పట్టలేరు. ఐదు లీటర్ల క్యాను మాత్రం పడుతుంది: అందులో 150 మిల్లీలీటర్ల లోటు కనిపిస్తుంది, నిబంధన అనుమతించే తేడా మాత్రం 25 మిల్లీలీటర్లే.

చేసే పద్ధతి:

క. మేనేజరును పిలిచి “ఇదే గన్‌తో ఐదు లీటర్ల మెజర్‌మెంట్ చూపించండి” అనండి. వేరే మిషన్ దగ్గరికి తీసుకెళ్తే వద్దనండి. మీరు అడిగాక ఎవరైనా ఆఫీసు గదిలోకి వెళ్లి మిషన్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే, ఆ సంగతి సమయంతో సహా రాసి పెట్టుకోండి.

ఖ. క్యాను మీద తూనికలు కొలతల శాఖ ముద్ర, సంవత్సరం చూడండి. సొట్టలు పడి ఉంటే కొలత తప్పుతుంది.

గ. ముందు క్యానును ఒకసారి పెట్రోల్‌తో తడిపి, పూర్తిగా ఒంపేయాలి. పొడి క్యానులో గోడలకు అంటుకునే పెట్రోల్ వల్ల కొలత కొంచెం తక్కువ చూపిస్తుంది. బంకువాళ్లు ఈ దశ అడిగితే అది సాకు కాదు, సరైన పద్ధతే.

ఘ. సమతలంగా ఉన్న నేల మీద పెట్టి, మీటరులో డబ్బు కాకుండా లీటర్లు సెట్ చేసి సరిగ్గా 5.00 కొట్టించండి. మామూలుగా బండికి కొట్టే వేగంతోనే.

ఙ. నురగ తగ్గేదాకా ఆగండి. క్యాను మెడ దగ్గర గీతలుంటాయి. కన్ను ఆ గీత ఎత్తుకు దించి చదవండి. పైనుంచి వంగి చూస్తే తప్పు చదువుతారు.

చ. తేడా 25 మిల్లీలీటర్లలోపు ఉంటే మిషన్ సరిగ్గానే ఉంది. మీ అనుమానం అక్కడితో తీరింది, థ్యాంక్స్ చెప్పి బయల్దేరండి. లోటు 25 మిల్లీలీటర్లు దాటితే ఇంకోసారి కొలిపించండి. రెండోసారీ అలాగే వస్తే ఫోటో తీసి నేరుగా 11వ దశకు వెళ్లండి.

పరీక్షకు వాడిన పెట్రోల్ మళ్లీ బంకు ట్యాంకులోకే పోతుంది, మీరు డబ్బు కట్టక్కర్లేదు. “ఇప్పుడు రద్దీ సార్, తర్వాత రండి” అంటే పక్కన నిలబడి ఎదురుచూస్తానని చెప్పండి. సాధారణంగా ఆ మాటతోనే క్యాను బయటికొస్తుంది.

నీళ్ల సీసా తెచ్చి లీటరు కొట్టించి కొలుస్తానంటే కుదరదు. ప్లాస్టిక్ సీసాల్లో పోయరు, పోయకూడదు కూడా. పైగా దాని మీద ఏ ముద్రా లేదు కాబట్టి ఆ కొలత ఎక్కడా చెల్లదు.

8. కల్తీ అనుమానం: ముందు కాగితం, తర్వాత డెన్సిటీ

ఫిల్టర్ కాగితం అడగండి, బంకులో ఉచితంగా ఇవ్వాలి. గన్ మూతిని శుభ్రంగా తుడిపించి, ఒక్క చుక్క కాగితం మీద వేయించండి. సుమారు రెండు నిమిషాల్లో అది ఆరిపోవాలి. ముదురు మరక, జిడ్డు మిగిలితే కల్తీ అనుమానించాలి. లేత గులాబీ రంగు కనిపిస్తే కంగారు పడకండి, అది పెట్రోల్‌లో కలిపే రంగు. గన్ మూతి తుడవకుండా చేస్తే ఆ దుమ్మే మరకలా కనిపిస్తుంది. ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే.

కాగితం పరీక్షలో తేలకపోతే డెన్సిటీ, అంటే సాంద్రత. బంకువాళ్లు రోజూ ఉదయం చూసి రాసి పెట్టాలి. గాజు జాడీలో పెట్రోల్ పోసి, హైడ్రోమీటరు (డెన్సిటీ కొలిచేది), థర్మామీటరు రెండూ వేసి చూస్తారు. వచ్చిన అంకెను చార్టు ప్రకారం 15 డిగ్రీలకు మార్చాలి. ఈ మార్పిడి మర్చిపోకండి. మే నెల ఎండలో హైడ్రోమీటరు చూపే అంకె ఎప్పుడూ తక్కువే ఉంటుంది, దాన్ని పట్టుకుని గొడవ పెట్టుకుంటే మీరే ఓడిపోతారు. మార్చాక పెట్రోల్‌కు ఘనపు మీటరుకు 720 నుంచి 775 కిలోల మధ్య ఉండాలి. అంతకంటే ముఖ్యం, ఆ లోడుతో వచ్చిన రికార్డులోని అంకెకు 3 కంటే ఎక్కువ తేడా ఉండకూడదు. రికార్డులో 742 అని ఉండి ఇప్పుడు 751 వస్తే, అది 720, 775ల మధ్యే ఉన్నా సరే, వివరణ అడగాల్సిందే.

9. కొట్టించాక బండి ఆగిపోతే: నీళ్ల సంగతి

ఇప్పుడు బంకుల్లో దొరికేది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌కు నీళ్లంటే ఇష్టం. మామూలు పెట్రోల్‌లో నీళ్లు అడుగున విడిగా ఉండిపోయేవి. ఇందులో నీళ్లు ఎక్కువైతే ఇథనాల్‌ను కూడా తమతో లాక్కుని అడుగున పొరలా చేరతాయి. ట్యాంకు అడుగు నుంచే ఇంజిన్‌కు అందుతుంది కాబట్టి బండి కొద్ది దూరానికే గుక్కలు పెట్టి ఆగిపోతుంది.

అలా ఆగితే కిక్కులు కొట్టకండి, సెల్ఫ్ పదే పదే నొక్కకండి. బిల్లు ఫోటో తీయండి. మెకానిక్ ట్యాంకు దించేటప్పుడు పారదర్శకమైన గాజు సీసాలో అర లీటరు దాకా పట్టించి కదలకుండా పెట్టండి. అడుగున వేరే పొర కనిపిస్తే ఫోటో, వీడియో తీసి, సీసా మూత బిగించి బంకుకు తీసుకెళ్లండి. ఆ ట్యాంకు నుంచే కొట్టించుకున్న ఇంకో ఇద్దరికి ఇదే జరిగి ఉంటే వాళ్ల నంబర్లు తీసుకోండి. ఒక్కరి మాటను “మీ ట్యాంకులోనే నీళ్లున్నాయేమో” అని కొట్టిపారేస్తారు, ముగ్గురు కలిసి వెళ్తే అలా అనలేరు.

నెలల తరబడి కదలని బండిలో ఇథనాల్ పెట్రోల్ నింపి ఉంచొద్దు. వానాకాలంలో ట్యాంకు మూత రబ్బరు పగిలి ఉందేమో చూడండి. ఒక్కోసారి నీళ్లు బంకు నుంచి కాదు, ఆ పగులు నుంచే వస్తాయి.

10. మైలేజీ తగ్గిందా? ముందు సరిగ్గా కొలవండి

ఫుల్ నుంచి ఫుల్ పద్ధతి ఒక్కటే నమ్మదగ్గది. మొదటి క్లిక్ దాకా నింపి, ఓడోమీటర్ అంకె రాసుకోండి. మామూలుగా తిరగండి. మళ్లీ అదే బంకులో, అదే మిషన్ దగ్గర మొదటి క్లిక్ దాకా నింపండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. 300 కిలోమీటర్లకు 6 లీటర్లు పడితే 50. ఒక్కసారి లెక్కతో తేల్చకండి, మూడు నాలుగు సార్ల సగటు తీయండి.

తగ్గితే ముందు టైర్ల గాలి చూడండి (బంకులో గాలి ఉచితం, “మిషన్ పాడైంది” అనే జవాబు కూడా అంతే ఉచితం). ఆ తర్వాత ఇథనాల్. నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా ప్రకారం 20 శాతం ఇథనాల్‌తో మైలేజీ పాత తరహా కార్లలో 6-7 శాతం, అలాంటి ద్విచక్ర వాహనాల్లో 3-4 శాతం తగ్గొచ్చు. దీనికే సరిచేసిన కొత్త కార్లలో 1-2 శాతం. 50 ఇచ్చే బైకు 48 ఇస్తోందంటే అది బంకు మోసమే కానక్కర్లేదు. 50 ఇచ్చేది ఏకంగా 42కి పడిపోయిందంటే మాత్రం సర్వీసింగ్ చేయించి, బంకు మార్చి చూసి, అప్పటికీ మారకపోతే పాత బంకుకు వెళ్లి క్యాను అడగండి.

తెల్లవారుజామున కొట్టిస్తే చల్లగా, చిక్కగా ఎక్కువ వస్తుందనేది ఇంకో నమ్మకం. పెట్రోల్ ఉండేది భూమిలోపలి ట్యాంకుల్లో. అక్కడ పగలూ రాత్రీ వేడిలో పెద్ద తేడా ఉండదు. పొద్దున్నే వెళ్తే లాభం ఒక్కటే, క్యూ ఉండదు.

11. ఫిర్యాదు ఇలా చేయండి

ముందు బంకులోనే ఫిర్యాదుల పుస్తకం అడిగి రాయండి. తేదీ, సమయం, మిషన్ నంబర్, ఏ వైపు గన్, బిల్లు నంబర్, ఎంత కట్టారు, ఏం జరిగింది, క్యాను పరీక్షలో ఎంత తేడా వచ్చింది. “చాలా మోసం” లాంటి మాటలు అక్కర్లేదు, అంకెలు రాయండి. రాసిన పేజీ ఫోటో తీసుకోండి.

తర్వాత ఆయిల్ కంపెనీ. బంకు గోడ మీద డీలరు పేరు, కంపెనీ అధికారి ఫోన్, కస్టమర్ కేర్ నంబర్ ఉన్న బోర్డు ఉండాలి. కల్తీ, నీళ్లు, సిబ్బంది ప్రవర్తన, గాలి, మంచినీళ్లు, మరుగుదొడ్డి లేకపోవడం, ఇవన్నీ వాళ్లకే చెప్పాలి.

కొలత తక్కువైతే జిల్లా తూనికలు కొలతల శాఖకు రాయండి. మిషన్‌కు ఏటా ముద్ర వేసేది వాళ్లే, సీలు తెరిచి చూసే అధికారం కూడా వాళ్లదే.

ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఫిర్యాదు నంబర్ ఇస్తారు, అది జాగ్రత్త.

బంకు నుంచి బయటికొచ్చి పది రోజుల తర్వాత చేసే ఫిర్యాదులో పస ఉండదు. ఈలోపు ఆ ట్యాంకులో పెట్రోల్ ఎన్నిసార్లో మారిపోతుంది. అనుమానం వచ్చిన రోజే, బిల్లు చేతిలో ఉండగానే చేయండి.

చివరగా యానాం ప్రశ్న

కాకినాడ, అమలాపురం వైపు నుంచి తరచూ వచ్చే ప్రశ్న: “యానాం వెళ్లి కొట్టించుకుంటే గిట్టుబాటు అవుతుందా?” అనంతపురం, చిత్తూరు వాళ్లు కర్ణాటక గురించి ఇదే అడుగుతారు. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది, అక్కడ పన్ను తక్కువ, అందుకే రేటు తక్కువ. లెక్క ఇలా వేయండి: లీటరుకు తేడా ఎంతో చూసి, మీరు కొట్టించే లీటర్లతో గుణించండి. వెళ్లి రావడానికి అయ్యే పెట్రోల్ ఖర్చు అందులోంచి తీసేయండి. లీటరుకు 10 రూపాయల తేడా, కారులో 30 లీటర్లు అనుకుంటే 300 మిగులుతుంది. 60 కిలోమీటర్లు అదనంగా తిరగాలంటే, లీటరుకు 15 ఇచ్చే కారుకు 4 లీటర్లు, అంటే 400 రూపాయలు పోయినట్టే. ఆ దారిన పనిమీద వెళ్తుంటే తప్పకుండా నింపుకోండి. దానికోసమే బయల్దేరితే బైకుకైతే అసలు గిట్టదు. క్యాన్లలో తెచ్చుకుందామనే ఆలోచన మాత్రం వద్దు, ప్రమాదం, పైగా చెక్‌పోస్టులో ఆపితే సమాధానం చెప్పుకోలేరు.